బీబీ ఖదీజా తిజారత్

కూతురి నికా రోజున మనం బీబీ ఖదీజా (ర.అ.) పేరు తలుచుకుంటాం. అదే కూతురు దుకాణం పెడతానంటే "లోగ్ క్యా కహేంగే" అంటాం.

మక్కాలో ఆమె పేరున్న తాజిర్. లాభంలో వాటా మాట్లాడుకుని, నమ్మకస్తుల చేతికి సరుకు అప్పగించేవారు. ముహమ్మద్ (స.అ.స.) గారి సచ్చాయి, అమానత్ గురించి విని, ఖాఫిలాతో షామ్‌కు పంపారు. తోడు వెళ్లిన మైసరా చెప్పిందీ విన్నారు. నికా పైగామ్ తానే పంపారు.

ఇతరుల్లో వెతికిన అమానత్ ఆమెలోనూ ఉంది. మొదట ఈమాన్ తెచ్చారు. దౌలత్‌ను దీన్ కోసం ఖర్చు చేశారు. ఖురైష్ వెలివేసిన ఏళ్లలో షిఅబె అబీ తాలిబ్‌లో కష్టాలు భరించారు. 619లో వఫాత్ అయ్యారు. ఆ ఏడాదికే ఆముల్ హుజ్న్ అని పేరు.

లాభంలోనూ నష్టంలోనూ ఒకే మాట. కియాదత్ అంటే అదే. కూతురు దుకాణం అడిగిన రోజున కూడా ఆ పేరు తలుచుకుందాం.