ఉంఛవృత్తి

కోతలైన పొలమున రాలిన గింజల నేరుకొని, రేపటికై దాచక, నాటి గ్రాసమును నాడే సమకూర్చుకొనుట ధర్మశాస్త్రములు ప్రశంసించిన జీవికలలో మిక్కిలి కఠినమైనది. భారతమున ముంగిస చెప్పిన కథలోని కురుక్షేత్ర విప్రుడు ఈ వ్రతస్థుడే. కాలక్రమమున ఈ యాచారము పొలమునుండి వీథికి వచ్చి, నామసంకీర్తనముతో జతపడి, దక్షిణదేశ భాగవతుల జీవనవిధానమయ్యెను.

కావేరీతీరమున తిరువయ్యారులో నివసించిన త్యాగరాజస్వామి (1767–1847), తంజావూరు ఆస్థానము చేరువనే యుండగా, ఆస్థాన విద్వాంసుడైన శొంఠి వేంకటరమణయ్యగారికి శిష్యుడయ్యును, రాజాశ్రయము నాశింపక, రాముడే పోషకుడని నమ్మి ఈ వృత్తినే అవలంబించెను. భుజమున తంబుర, చేత చిడతలు. ఏ గడపకడను నిలిచి యడుగక పాడుచు సాగిపోవుటయే నియమము. ఇల్లాండ్రు గుమ్మము దిగివచ్చి పాత్రలో గుప్పెడు బియ్యము పోయుదురు. అది నిండినను నిండకున్నను ఇంటికి మరలి, వండి, స్వామికి నివేదించి, శిష్యులతో కూడ భుజింపవలెను. తంజావూరు రాజైన శరభోజి పిలుపును ఆయన త్రోసిపుచ్చెనను కథ యెల్లరు నెరిగినదే.

ఈ వృత్తిని సోమరితన మనువారు ఆయన కృతుల రాశిని, వాలాజాపేట వేంకటరమణ భాగవతులవంటి శిష్యులకు చెప్పిన పాఠమును తలచినవారు కారు. అయినను నాకొకటి తోచును: దేవునిపై వేసిన ఆ భారమును నేలపై మోసినవారు కావేరి కాలువల క్రింద వరి పండించిన కర్షకులు. వానలేని రాయలసీమ పల్లెలో ఈ వ్రతము ఎన్నినాళ్లు సాగియుండెడిది?

నేటికిని ఆయన ఆరాధనదినమైన పుష్య బహుళ పంచమినాటి యుదయమున విద్వాంసులు ఆయన యింటినుండి సమాధివరకు ఉంఛవృత్తి భజనము సలుపుదురు. ఆ బియ్యముతో పూట గడుపవలసినవారు వారిలో బహుశః లేరు.