ఖానాబదోష్

ఇల్లు పట్టకుండా తిరిగే పిల్లాణ్ని మన అమ్మీలు 'ఖానాబదోష్' అని తిడతారు. ఫార్సీలో ఖానా అంటే ఇల్లు, దోష్ అంటే భుజం. ఇంటిని భుజాన వేసుకున్నవాడని మాయనా. ఇందులో తిట్టేముంది? అది తిట్టుగా మారడం వెనక ఓ తారీఖ్ ఉంది.

ఇంగ్లండ్‌లోని రోమా ఖాందాన్‌లు పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి 'వార్డో' అనే కొయ్య బండ్లలో కాపురాలు చేశారు. పదడుగుల పొడవు. లోపల మంచం, అల్మారా, ఇనుప పొయ్యి. అక్కడి బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి కనుక, చెట్ల కొమ్మలు తగలకుండా పొగగొట్టం కుడివైపు పెట్టేవారు. చక్రం ఒక్కదానికే మూడు కలపలు: నడిమి కుండకు ఎల్మ్, ఆకులకు ఓక్, చుట్టూ వంపులకు యాష్. ఆపైన ఇనుప పట్టాను నిప్పుల్లో కాల్చి తొడిగి నీళ్లు పోస్తారు. పట్టా బిగుసుకుని కొయ్యనంతా కరుచుకుంటుంది. మన వడ్రంగి తుమ్మ చక్రానికి చేసే పని సరిగ్గా ఇదే! యజమాని ఇంతెకాల్ అయితే బండినీ సామానునూ తగలబెట్టే రివాజ్ కూడా వాళ్లలో ఉండేది.

వాళ్ల జబాన్ వినండి. నీళ్లు పాని, ముక్కు నఖ్, చెవి కన్, నిప్పు యాగ్. రెండు, మూడు, ఐదు అంటే దుయి, త్రిన్, పంజ్. దాదాపు వెయ్యేళ్ల కింద హిందుస్తాన్ వదిలారని ఈ మాటలే గవాహీ.

మరి మన దక్కన్‌లో చక్రాల ఇళ్లు ఎందుకు లేవు? పదిహేడో శతాబ్దంలో గోల్కొండకొచ్చిన ఫ్రెంచ్ జవహరీ టావెర్నియే జవాబిచ్చాడు. గోల్కొండ నుంచి మచిలీపట్నం దారి చెరువులు, వాగులతో నిండి బండ్లకు పనికిరాదట. అందుకే ఇక్కడ సఫర్ అంతా ఎడ్ల వీపు మీద. పది పన్నెండు వేల ఎడ్లతో ధాన్యం, ఉప్పు మోసే కాఫిలాల గురించి ఆయనే రాశాడు. రాత్రికి డేరాలే ఇల్లు. వాళ్లే బంజారాలు. మొఘల్ లష్కర్‌లకు రసద్ మోసినవాళ్లూ వాళ్లే. ఫౌజ్ కడుపు నింపినవాళ్లను ఎవరూ ఆవారా అనలేదు.

1874లో సికింద్రాబాద్‌కు రైలొచ్చింది. 1932లో నిజాం సర్కార్ 27 బస్సులు నడపడం మొదలుపెట్టింది. ఎడ్లకు పని పోయింది. ఈలోగా అంగ్రేజ్ సర్కార్ 1871 కానూన్‌తో తిరుగుడు బిరాదరీలకు పుట్టుకతోనే ముజ్రిమ్ ముద్ర వేసింది. ఆ ముద్ర 1952 దాకా కాగితం మీదే ఉంది. జుర్మ్ ఏమిటయ్యా అంటే, పక్కా మకాన్ లేకపోవడమే. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డ్ తెగల్లో చేరారు.

నేడు ఆ తండాల పిల్లలు సర్కారీ నౌకరీ పరీక్షలకని అశోక్‌నగర్, చిక్కడపల్లి గల్లీలకొస్తున్నారు. పొద్దంతా సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువు. గదిలో ఒక మంచం, ఒక ట్రంకు పెట్టె, గోడకు వేలాడే కపడాలు. వార్డోలోనే జాగా కాస్త ఎక్కువేమో. నారాయణగూడ వైపు కిరాయికి గది అడిగితే ఓనర్ వేసే మొదటి సవాల్ 'మీదే ఊరు, మీరెవరు?' అన్నది. మన పిల్లలకు ఆ సవాల్ కొత్త కాదు.