వట్టం

సూర్యాపేట నుంచి బెజవాడ రోడ్డు మీద చివ్వెంల మండలం దాటితే మునగాల. 1947 దాకా ఈ రెండూ రెండు ఏలుబడులు. చివ్వెంల నిజాంది. చుట్టూ నిజాం రాజ్యమే ఉన్నా మునగాల పరగణా మాత్రం ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లాలోది. చివ్వెంలలో హాలి సిక్కా, మునగాలలో కల్దారు. హాలి అంటే ఇప్పుడు చెల్లుబడిలో ఉన్నది. కల్దారు అంటే యంత్రంతో కొట్టిన నాణెం. మారకం ఇంచుమించు ఏడు హాలీలకు ఆరు కల్దార్లు.

అలా మార్చుకునేటప్పుడు తరిగిపోయే సొమ్ముకు మన పాత మాట వట్టం. హిందుస్తానీ బట్టా దీని చుట్టమే. బత్తెం వేరు, అది రోజువారీ తిండిఖర్చు. దొరల ఇంగ్లీషులో రెండూ ‘బట్టా’గా కలిసిపోయాయి.

‘రూపాయి పతనం, మార్కెట్ కుదేలు’ అని పత్రికలు రాస్తాయి. ఎందుకు కుదేలైందో పతనం అన్న మాట చెప్పదు, వట్టం చెబుతుంది. డాలరు 80 రూపాయలున్నప్పుడు ఒక విదేశీ మదుపరి వెయ్యి డాలర్లు తెచ్చి 80,000 రూపాయల షేర్లు కొన్నాడనుకుందాం. డాలరు 88కి చేరింది. షేర్ల ధర పైసా కదల్లేదు. అయినా అమ్ముకుని పోతే చేతికొచ్చేది 909 డాలర్లే. కంపెనీ చెడలేదు, లాభం తగ్గలేదు, పోయిందంతా వట్టమే. ఇంకా పోతుందన్న భయంతో అమ్ముతాడు, ఆ రూపాయలతో డాలర్లు కొంటాడు, దాంతో రూపాయి మరికాస్త దిగుతుంది. 2013 వేసవిలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ మాటకు బెదిరి సొమ్ము వెనక్కి పోయినప్పుడు జరిగిందిదే. ఆగస్టు 28న డాలరు 68 రూపాయలు దాటింది.

ఆ నెలల్లోనే ఐటీ షేర్లు పెరిగాయి. డాలర్లలో సంపాదించి రూపాయల్లో జీతాలిచ్చే కంపెనీకి అదే వట్టం రాబడి. అమెరికాకు మందులమ్మే హైదరాబాదు కంపెనీలకూ అంతే. పెట్‌కోక్, బొగ్గు బయటినుంచి తెప్పించుకునే సిమెంటు కంపెనీకి మాత్రం ఖర్చు. కోదాడ దాటి హుజూర్‌నగర్, మట్టపల్లి వైపు ఆ ఫ్యాక్టరీలు బోలెడు. కాబట్టి రూపాయి దిగితే మార్కెట్ దిగుతుందని ఒక్క ముక్కలో తేల్చడం నాకు ఒప్పదు. వట్టం ఎవరు కడుతున్నారు, ఎవరు పుచ్చుకుంటున్నారు అన్నది కంపెనీ కంపెనీకీ చూడాలి.

సెన్సెక్స్‌నే డాలర్లలో లెక్కగట్టి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి డాలెక్స్-30 పేరుతో విడిగా ఇస్తుంది. కంపెనీలు అవే, షేర్లు అవే. రూపాయి దిగిన ఏడాదిలో ఈ రెండు సూచీల రాబడిలో కనిపించే తేడాకు తెలుగులో వేరే పేరు వెతకనక్కర్లేదు.