అతికించిన కార్నియా పొర, దాన్ని నిలిపే గాలి బుడగ

కార్నియా లోపలి పొరను మాత్రమే మార్చే చికిత్సలో దాత పొరను కుట్లతో కాక గాలి బుడగతో నిలిపే పద్ధతిని నెదర్లాండ్స్ వైద్యుడు గెరిట్ మెల్లెస్ 1998లో ప్రచురించారు. అంతకు ముందు, 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ ఒలొమౌత్స్‌లో తొలి విజయం సాధించినప్పటి నుంచి మొత్తం మందంతో కార్నియాను మార్చడమే ప్రధాన మార్గం. తర్వాతి కాలంలో అందులో కొత్త కార్నియాను సన్నని కుట్లతో బిగించేవారు. పొర ఊడే భయం అంతగా లేదు గానీ, చూపు కుదురుకోవడానికి నెలలు పట్టేది.

లోపలి పొరలోని కణాలు కార్నియాలో చేరే నీటిని బయటికి తోడుతుంటాయి. అవి చచ్చిపోతే కార్నియా ఉబ్బి మసకబారుతుంది. శుక్లం ఆపరేషన్ తర్వాత కొందరిలో వచ్చే ఈ ఇబ్బందికి లోపలి పొరను మార్చడం తగిన చికిత్స. పొలంలో దెబ్బ తగిలి, పుండు మాని మిగిలిన 'పువ్వు'కు మాత్రం ఇది పనికిరాదు.

2006లో మెల్లెసే వివరించిన డీమెక్ (DMEK) అనే పద్ధతిలో దాత పొర మందం మిల్లీమీటరులో దాదాపు 60వ వంతు. పైకి తేలే బుడగ దాన్ని కార్నియాకు అదిమి పట్టాలి కనుక రోగి వెల్లకిలా పడుకోక తప్పదు. రెంటి మధ్య నీరు చేరితే పొర విడిపోతుంది. అంచు కొద్దిగా లేస్తే గమనిస్తూ ఆగవచ్చు. ఎక్కువ భాగమో, చూపుకు ఎదురుగా ఉన్న భాగమో ఊడితే మళ్లీ గాలి ఎక్కిస్తారు. గాలి కన్నా ఎక్కువ రోజులు నిలిచే 20 శాతం ఎస్‌ఎఫ్6 వాయువు కూడా వాడుకలోకి వచ్చింది. బుడగ కనుపాపను మూసేస్తే కంటి ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ఐరిస్‌కు ముందే చిన్న రంధ్రం పెడతారు.

హైదరాబాద్‌లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987లో మొదలైంది. దానికి అనుబంధమైన రామాయమ్మ అంతర్జాతీయ నేత్ర నిధి 1989లో ఏర్పడింది. 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో సంస్థ గ్రామీణ కంటి ఆసుపత్రి తెరవడం ఉత్తర తెలంగాణకు నిజంగా పెద్ద మేలు. అయినా కార్నియా మార్పిడికి హైదరాబాద్ వెళ్లాలంటే ఆ ప్రాంతంలోని జైనూర్ ఏజెన్సీ గ్రామాల వాళ్లు దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణించాలి.

ఆ దూరమే ఈ చికిత్సకు అసలు పరీక్ష. పొర ఊడేది ఎక్కువగా తొలి రోజుల్లోనే. మర్నాడు స్లిట్ ల్యాంప్ కింద, అవసరమైతే ఓసీటీ స్కాన్‌తో చూస్తే గాని తేలదు. కాబట్టి ఆపరేషన్ కాగానే బస్సెక్కించకుండా, రోగికీ తోడొచ్చిన వారికీ పట్నంలో కొన్నాళ్లు బస కల్పించడం చికిత్సలో భాగమే. ఇంటికి చేరాక చూపు ఒక్కసారిగా మసకబారినా, నొప్పి, ఎరుపు వచ్చినా వెంటనే తిరిగి రావాలి. మళ్లీ గాలి ఎక్కించినా పొర పట్టకపోతే, కణాలు పనిచేయకపోతే, మరో దాత కార్నియాతో ఆపరేషన్ చేయాల్సిందే.