బాడుగ ఇంట్లో దాగిన చెమ్మ: చెప్పవలసినది ఎవరు?



మదీనా బజారులో ఒకనాడు దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ధాన్యపు రాశి వద్ద ఆగారు. రాశిలోనికి చేయి పోనివ్వగా వేళ్లకు తడి తగిలింది. వానకు తడిసినదని వర్తకుడు విన్నవించుకున్నాడు. అటువంటప్పుడు తడిసిన గింజలను జనం కంటపడేలా పైన ఎందుకు పోయలేదని ప్రవక్త (స) అడిగారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని ఈ ఉల్లేఖనాన్ని మనం సాధారణంగా అంగడి వ్యవహారంగానే వింటాం. కాని గమనించండి. వాన కురవడం ఆ వర్తకుని నేరం కాదు. తడిని అడుగున ఉంచడమే నేరం. గోడకు కొత్తగా సున్నం కొట్టి, లోపలి చెమ్మను కప్పి, ఇంటిని బాడుగకు ఇచ్చేవాని స్థితి ఇంతకన్న భిన్నమైనదా?

ఫిఖ్‌హ్ పండితులు భిన్నం కాదనే తీర్మానించారు. 'ఐబ్', అనగా లోపం, అమ్మకంలోనే కాక 'ఇజారా'లో, అనగా బాడుగలో కూడా, ఒప్పందాన్ని వదులుకునే హక్కు కలిగిస్తుందన్నారు. హనఫీ సంప్రదాయంలోని ఈ నియమాలను ఉస్మానియా సామ్రాజ్యంలో అహ్మద్ జెవ్‌దెత్ పాషా నాయకత్వాన 1869 నుండి 1876 వరకు సాగిన కృషి 'మజల్లా' అనే స్మృతిగా కూర్చింది. అందులోని 529వ అధికరణం మన విషయానికి అతి సమీపమైనది. ఇంటి మరమ్మతు, నీటి దారులు, గొట్టాలు బాగుచేయించడం యజమాని పని. అతడు చేయించకపోతే బాడుగదారు ఇల్లు విడిచి పోవచ్చు. అయితే లోపాన్ని చూసి మరీ ఇంట దిగినవాడు దానికి సమ్మతించినట్టే. పిదప దానిని సాకుగా చూపలేడు. యజమానికి చెప్పకుండా సొంత సొమ్ముతో బాగుచేయిస్తే అది దానం కింద లెక్క. తరువాతి అధికరణం ఇంకా సూక్ష్మమైనది: అనుమతితో పైకప్పు పెంకులు మార్పిస్తే ఆ ఖర్చు రాబట్టుకోవచ్చు, తన సౌకర్యానికి పొయ్యి బాగుచేసుకుంటే సాధారణంగా రాదు. పెంకుకూ పొయ్యికీ మధ్య గీత గీసిన ఆ పండితులు ఇంట్లో కాపురం చేసిన మనుషులని తెలుస్తూనే ఉంది.

ఇంగ్లాండులో ఆనాటి తీరు వేరు. 1843 నాటి హార్ట్ వర్సెస్ విండ్సర్ తీర్పు ప్రకారం, సామాను లేని ఇంటిని అద్దెకిచ్చే యజమాని అది నివాసయోగ్యమని హామీ ఇచ్చినట్టు భావించరాదు. చూసుకోవలసినది దిగేవాడే. అయినా ఆ దొరలే మన దేశానికి చేసిన 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షనులో ఒక మంచి నియమం ఉంచింది: యజమానికి తెలిసి, బాడుగదారుకు తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కనబడని ముఖ్యమైన లోపాన్ని యజమాని వెల్లడించి తీరాలి. అయితే మరమ్మతులన్నీ యజమానివేనని ఆ చట్టం చెప్పదు. ఒప్పందం వలన అతనిపై ఉన్న మరమ్మతును, నోటీసు ఇచ్చినా తగిన గడువులో చేయించకపోతే, బాడుగదారు తానే చేయించి ఖర్చును వడ్డీతో సహా బాడుగలో మినహాయించుకోవచ్చు.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం మదనపల్లె వంటి పురపాలక సంఘాలను ఉద్దేశించినది; కురబలకోట వంటి పల్లెలకు 1882 చట్టమే ఆధారంగా ఉండిపోయింది. ఆ రోజుల్లో దాని అవసరం అంతగా పడలేదేమో. రాయలసీమ మట్టి మిద్దెపై ఏటేటా వానలకు ముందు చౌడు మన్ను పరిచేవారు. పరచని ఏడు ఇల్లు కారేది. కారితే గిన్నె పెట్టిన చోటు వీధివారికి కూడా తెలిసేది! మట్టి మిద్దె ఏదీ దాచలేదు. నేటి ఇంట్లో గొట్టం గోడలో పూడ్చి ఉంటుంది, స్లాబు పైన టైల్సు ఉంటాయి. అంగళ్లులో 1998లో ఇంజనీరింగు కళాశాల వెలసింది. చదువుకై దూరం నుండి వచ్చి వేసవిలో గది చూసుకునే విద్యార్థికి ఆ గోడ నవంబరులో ఏమవుతుందో ఎలా తెలుస్తుంది? 2021 నవంబరులో చిత్తూరు, కడప జిల్లాలను ముంచెత్తిన వానల వంటివి వచ్చినప్పుడు పెచ్చులు ఊడతాయి, పరుపుకు బూజు పడుతుంది. అప్పుడు అడ్వాన్సు గురించి తగవు మొదలవుతుంది.

ఇక రెండవ వైపు. మజల్లా దృష్టిలో బాడుగ ఇల్లు బాడుగదారు చేతిలో అమానత్. స్నానాల గది మూలన నెమ్ము కనబడిన నాడు చెబితే ఒక పూట పనితో పోయేది, ఏడాది మౌనం వహిస్తే గోడను పగలగొట్టవలసి వస్తుంది. ఇల్లు నాది కాదు కదా అన్న ఆలోచన మనలో చాలామందికి ఉన్నది. అమానత్ అన్న మాటకు అది సరిగ్గా వ్యతిరేకం. 1882 చట్టం కూడా, సహజమైన అరుగుదల పోను, ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలని బాడుగదారును ఆదేశిస్తుంది. కేంద్రం 2021లో రాష్ట్రాలకు నమూనాగా పంపిన అద్దె చట్టం, కుళాయి వాషరు మార్చడం బాడుగదారు వంతు, గొట్టాలు మార్చడం యజమాని వంతు అని పంచింది. పంపకం బాగానే ఉన్నది. కాని వాషరు వద్ద మొదలైన తడి గోడలోనికి పాకినప్పుడు, ఎవరు ఎప్పుడు చూశారు, ఎవరికి ఎప్పుడు చెప్పారు అన్నదే తేల్చుకోవలసి వస్తుంది.

అప్పును వ్రాసుకోమని దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో (2:282) ఆదేశం ఉన్నది. తాళం చెవి చేతులు మారే రోజున ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరిగి, కప్పునూ గోడలనూ కుళాయిలనూ చూసి, కనబడిన మరకలనూ యజమానికి తెలిసిన పాత కారుడునూ ఒక కాగితంపై తేదీతో వ్రాసి సంతకాలు పెట్టుకోవడానికి అరగంట చాలు.