శత్రువులు మునిగిన సముద్రం

విశాఖ తీరానికి రెండు, రెండున్నర కిలోమీటర్ల దూరంలో, సుమారు వంద మీటర్ల లోతున పాకిస్థాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ పడి ఉంది. 1971 యుద్ధంలో, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక అది మునిగింది. ఇదే తీరానికి ఎదుట ఇంకో జలాంతర్గామి కూడా ఉంది. దాని పేరు ‘ఆర్‌ఓ-110’, జపాన్‌ది. అది 1944 ఫిబ్రవరి 11న మునిగింది. 2024లో ఈ రెండింటి సమాచారం బయటికొచ్చినప్పుడు మన నౌకాదళం ఒక మాట స్పష్టం చేసింది. అవి చనిపోయిన నావికుల విశ్రాంతి స్థలాలు కాబట్టి వాటిని ముట్టుకోలేదని చెప్పింది.

రెండూ మనమీదికి వచ్చినవే. ఒక దేశంతో పగ ఎప్పుడో తీరిపోయింది. రెండో దేశంతో ఇప్పటికీ తీరలేదు. ఆ తేడా ఎలా వచ్చిందో చెప్పగల ఊరు విశాఖ.

బాంబుల నుంచి బైలదిల్లా దాకా

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ‘రియుజో’ నుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖ పోర్టు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. జనం పిల్లాజెల్లాతో పల్లెలకు తరలిపోయారు. ఆనాడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్‌రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది.

రెండేళ్లు తిరక్కుండానే ఆర్‌ఓ-110 ఈ నీళ్లలోకి వచ్చింది. సరుకు ఓడల కాన్వాయ్ మీద దాడి చేసి, బ్రిటిష్ ఓడ ‘ఆస్ఫాలియన్’ను దెబ్బతీసింది. కాపలాగా ఉన్న భారతీయ నౌక ‘జమునా’, ఆస్ట్రేలియా నౌకలు ‘ఇప్స్‌విచ్’, ‘లాన్సెస్టన్’ దాన్ని వెంటాడి ముంచాయి. లోపలున్నవాళ్లలో ఒక్కరూ బతకలేదు.

యుద్ధం ముగిసిన పదిహేనేళ్లకు అదే జపాన్ మన ఇనుప ఖనిజం కోసం వచ్చింది. 1960లో ఒప్పందం కుదిరింది. బైలదిల్లా కొండల ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడానికి కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వేశారు. ఈరోజు మనం అద్దాల పెట్టెలో కూర్చుని సొరంగాలు చూసుకుంటూ అరకు వెళ్లేది ఆ పట్టాల మీదే. ఖనిజం తీసుకెళ్లే పెద్ద ఓడల కోసం 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. పోర్టు కూలీకీ, రైల్వే గ్యాంగ్‌మన్‌కూ, గనిలో దిగే మనిషికీ జపాన్ కొనుగోళ్లు బువ్వ పెట్టాయి. సంధిపత్రాల కన్నా ఈ రాకపోకలే పాత భయాన్ని ఎక్కువగా తుడిచాయని నా నమ్మకం. 2020 నవంబరులో విశాఖ ఎదుట జరిగిన మలబార్ విన్యాసాల్లో భారత్, ఆస్ట్రేలియా, అమెరికా నౌకల సరసన జపాన్ నౌక నిలిచింది. 1944లో వేటాడినవారూ, వేటకు గురైనవారూ అక్కడ ఒకే వరుసలో సాగారు.

ఒకే యుద్ధంలో పుట్టిన ఓడలు

ఘాజీని తయారుచేసింది పాకిస్థాన్ కాదు. అది 1944 డిసెంబరులో నీట దిగిన అమెరికా జలాంతర్గామి ‘డయాబ్లో’. జపాన్ మీద పోరుకు బయలుదేరిన కొద్ది రోజులకే యుద్ధం ఆగిపోయింది. 1964లో అమెరికా దాన్ని పాకిస్థాన్‌కు లీజుకిచ్చింది. దాన్ని ఎదుర్కొన్న మన ‘రాజ్‌పుత్’ కూడా రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన బ్రిటిష్ డిస్ట్రాయర్ ‘రోథర్‌హామ్’. ఘాజీ వెతుక్కుంటూ వచ్చిన ‘విక్రాంత్’ సైతం ఆ యుద్ధకాలంలోనే బ్రిటన్ కట్టడం మొదలుపెట్టిన విమానవాహక నౌక. మిత్రదేశాలు కలిసి గెలవడానికి కట్టుకున్న ఓడలు పాతికేళ్ల తర్వాత విశాఖ ఎదుట ఒకదాన్నొకటి చంపడానికి చూశాయి. ఆయుధం ఎవరి చేతికి వెళ్తుందో, ఎవరి మీదికి తిరుగుతుందో దాన్ని తయారుచేసినవాడి చేతుల్లో ఉండదు.

తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, అది విశాఖలోనే ఉందని శత్రువు నమ్మేలా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నడిపిన రాజ్‌పుత్ డిసెంబరు 3 అర్ధరాత్రి రేవు దాటుతూ డెప్త్ చార్జ్‌లు వేసింది. కాసేపటికి పెద్ద పేలుడు తీరం దాకా వినబడింది. తెల్లారాక మత్స్యకారులు నీటిమీద తేలిన చమురు తెట్టునూ, శకలాలనూ చూశారు. మన డెప్త్ చార్జ్‌లకే మునిగిందని భారత్ అంటుంది. సొంత మైన్ పేలిందనో, లోపలే ప్రమాదం జరిగిందనో పాకిస్థాన్ చెబుతుంది. కమాండర్ జఫర్ ముహమ్మద్ ఖాన్‌తో సహా 93 మంది పోయారన్నదాంట్లో వివాదం లేదు.

కుర్సుర లోపల

ఆ 93 మంది ఎలా బతికారో తెలియాలంటే ఆర్.కె. బీచ్‌లోని ‘కుర్సుర’ ఎక్కాలి. 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియం అయిన సోవియట్ తయారీ జలాంతర్గామి ఇది. ఘాజీకి లాగే దీనికీ ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. పొడవు కూడా ఇంచుమించు అంతే. ఒక గది నుంచి ఇంకో గదికి పోవాలంటే గుండ్రటి ద్వారంలో కాలు ముందు పెట్టి, నడుం వంచి దూరాలి. పడక మీద సరిగ్గా లేచి కూర్చునే ఎత్తు ఉండదు. నిద్రపోయే చోటికి నాలుగడుగుల్లోనే ఆయుధం. మన నావికులు బతికిన ఈ ఇరుకులోనే ఘాజీవాళ్లూ బతికారు. ఘాజీ మీద సినిమాలు చూసిన పిల్లలను ఇక్కడికి తీసుకొచ్చేటప్పుడు ఆ మాట కూడా చెప్పాలి. మన నావికుల ధైర్యాన్ని అది ఏమాత్రం తగ్గించదు.

శత్రువును వెతికి ముంచడానికి పెరిగిన సోనార్ విద్యే ఇప్పుడు మునిగినవాళ్లను వెతికి పెడుతోంది. జలాంతర్గామిలో చిక్కుకున్నవాళ్లను లోతునుంచి బయటికి తీసే డీఎస్‌ఆర్‌వీ వాహనం మన నౌకాదళం దగ్గర ఉంది. 2021 ఏప్రిల్‌లో ఇండోనేషియా జలాంతర్గామి ‘నంగాల’ 53 మందితో గల్లంతైనప్పుడు సాయానికి ఆ బృందం బయలుదేరింది విశాఖ నుంచే. అది చేరకముందే నంగాల మునిగిపోయిందని తేలింది, ఎవరూ దక్కలేదు.

జపాన్‌తో పగ పోవడానికి ముందుగా ఇచ్చిపుచ్చుకోవడాలు మొదలయ్యాయి. పాకిస్థాన్‌తో అలాంటివి ఎప్పుడు మొదలవుతాయో విశాఖ ఒక్కటే తేల్చలేదు. కానీ మునిగినవాళ్ల జోలికి పోకుండా వాళ్లను గౌరవించడం, ఆపదలో ఉన్న నావికుడి దేశమేదని అడగకుండా సాయానికి బయలుదేరడం ఈ ఊరు ఇప్పటికే చేస్తున్న పనులు. డిసెంబరు 4న నేవీ డే జరుపుకునేటప్పుడు మన వీరులతోపాటు ఆ 93 మందినీ ఒక్క నిమిషం తలుచుకుంటే ఆ పనులకు కొనసాగింపు అవుతుంది.