గేమ్ ఇంజిన్ల నిర్వహణ: సూరత్ చిన్న స్టూడియోల వైపు నుంచి

సూరత్ పేరు వినగానే తెలుగువారికి మొదట గుర్తొచ్చేవి సాంచాలు. తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందటే వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. అక్కడి నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. వజ్రాల కార్ఖానాలు, బట్టల మార్కెట్లకు తోడు ఆ ఊళ్లో ఇప్పుడు మరో చిన్న వ్యాపారం కూడా ఉంది. అది మొబైల్ యాప్‌లు, గేములు తయారుచేసే కంపెనీలది. పజిళ్లు, లూడో, క్యారమ్స్, కార్ల పందేల వంటి తేలికపాటి గేములను ఉచితంగా ఇచ్చి, మధ్యలో వచ్చే ప్రకటనల మీద సంపాదించడం ఈ వ్యాపారం పద్ధతి.

సూరత్ సాంచాల యజమానుల్లో చాలామంది వ్యాపారి ఇచ్చిన దారంతో కూలికి నేస్తారు. దాన్ని జాబ్ వర్క్ అంటారు. అక్కడ మగ్గం మనది, దారం మరొకరిది. గేముల్లో ఈ లెక్క తిరగబడుతుంది. దారం, డిజైను, నేత అన్నీ మనవే, మగ్గం మాత్రం పరాయిది. ఆ మగ్గం పేరే గేమ్ ఇంజిన్.

తెర మీద బొమ్మ గీయడం, బంతి నేలకు తగిలి ఎగరడం, శబ్దం, వేలి స్పర్శను గుర్తించడం వంటి పనులను ఏ గేముకు ఆ గేము మొదటి నుంచి రాసుకోనక్కర లేకుండా ఇంజిన్ చేసిపెడుతుంది. ఒకసారి తయారుచేసిన గేమును ఆండ్రాయిడ్‌కు, ఐఫోన్‌కు, బ్రౌజర్‌కు తగినట్టు మార్చి ఇస్తుంది. చెప్పడానికి తేలికే. అయితే ఫోన్ల ఆపరేటింగ్ సిస్టమ్‌లు, బ్రౌజర్లు, యాప్ స్టోర్ల నిబంధనలు ఏటా మారతాయి. ఇంజిన్‌లో కొత్త సౌకర్యాలేవీ చేర్చకపోయినా, ఉన్నది ఉన్నట్టు పనిచేయించడానికే ఎడతెగని శ్రమ కావాలి.

బ్రౌజర్ గేముల చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. ఒకప్పుడు వెబ్ గేమంటే అడోబీ ఫ్లాష్. దానికి స్వస్తి చెబుతున్నట్టు 2017 జులైలో ప్రకటించిన అడోబీ, 2020 డిసెంబరు 31న మద్దతు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ గేములు తెరుచుకోకుండా అడ్డుకట్ట కూడా వేసింది. వేల గేములు ఒక్కసారిగా మూగబోయాయి. వాటిలో కొన్నింటినైనా రఫుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఫ్లాష్‌పాయింట్ అనే భాండాగారం మళ్లీ ఆడుకునేలా నిలబెడుతున్నాయి. ఈ రెండూ స్వచ్ఛంద కార్యకర్తల చలవే. పిల్లలు బొమ్మల దిమ్మెలు పేర్చి గేములు చేసే స్క్రాచ్ మాత్రం ముందే మేల్కొంది. ఫ్లాష్‌ను వదిలి, 2019 జనవరిలో మూడో వెర్షన్‌ను కొత్త వెబ్ ప్రమాణాల మీద నిర్మించుకుంది. యూనిటీకీ అలాంటి దెబ్బే తగిలింది. 2015లో క్రోమ్ పాత తరహా ప్లగిన్‌లను పూర్తిగా తొలగించడంతో యూనిటీ వెబ్ ప్లేయర్ ఆగిపోయింది. ఆ తర్వాత వెబ్‌జీఎల్ బాట పట్టాల్సి వచ్చింది.

రుసుము గొడవ

మొబైల్ గేముల్లో నేడు ఎక్కువగా వాడే ఇంజిన్ యూనిటీయే. 2004లో కోపెన్‌హాగన్‌లో పుట్టిన ఈ సంస్థ 2020 సెప్టెంబరులో స్టాక్ మార్కెట్‌కు వచ్చింది. ఏటా నష్టాలే చూపింది. 2022లో ఐరన్‌సోర్స్ అనే ప్రకటనల కంపెనీని సుమారు 440 కోట్ల డాలర్ల విలువకు విలీనం చేసుకుంది. ఇంజిన్ అమ్మకాల కంటే ప్రకటనల వ్యాపారమే ఈ సంస్థకు ముఖ్యమవుతోందన్న అనుమానం అప్పుడే మొదలైంది.

2023 సెప్టెంబరు 12న యూనిటీ 'రన్‌టైమ్ ఫీజు' ప్రకటించింది. ఉచిత వెర్షన్ వాడేవారి గేము ఏడాదిలో 2 లక్షల డాలర్ల ఆదాయం, మొత్తంగా 2 లక్షల ఇన్‌స్టాల్‌లు దాటితే, అప్పటి నుంచి ఒక్కో కొత్త ఇన్‌స్టాల్‌కు 20 సెంట్లు కట్టాలి. భారత్ వంటి మార్కెట్లలో జరిగే ఇన్‌స్టాల్‌లకు 2 సెంట్లు, అంటే అప్పటి లెక్కన రూపాయిన్నరకు పైచిలుకు. చూడటానికి చిన్న మొత్తమే. కానీ ఉచిత గేమును దింపుకున్నవారిలో చాలామంది ఒకటి రెండు సార్లు ఆడి తీసేస్తారు. అలాంటి వారి మీద ప్రకటనల ద్వారా ఆ మాత్రం కూడా రాలదు. అమ్మకం మీద వాటా అడిగితే లెక్క కుదురుతుంది. దుకాణంలోకి అడుగుపెట్టిన ప్రతివారికీ రుసుము అంటే ఎలా కుదురుతుంది?

సూరత్ తరహా చిన్న స్టూడియోల్లో అత్యధికం ఆ ఆదాయపు గీత దాటేవి కావు. అయినా భయం పట్టుకుంది. కారణం రుసుము కాదు, నిబంధన మారిన తీరు. పాత వెర్షన్‌తోనే కొనసాగేవారికి పాత నిబంధనలే వర్తిస్తాయని 2019లో యూనిటీ మాట ఇచ్చింది. ఇప్పుడేమో ఎప్పుడో విడుదలైన గేములకు కూడా కొత్త రుసుము అంది. దానికి తోడు, తమ ఇతర సేవలు వాడితే రాయితీ ఉంటుందని సూచించింది. నిరసనగా కొన్ని మొబైల్ గేమ్ కంపెనీలు తమ గేముల్లో యూనిటీ, ఐరన్‌సోర్స్ ప్రకటనలను నిలిపేశాయి. ఎక్కడ కొడితే తగులుతుందో వారికి తెలుసు.

పది రోజుల్లోనే యూనిటీ వెనక్కి తగ్గింది. ఉచిత వెర్షన్‌ను మినహాయించి, మిగతావారికి ఆదాయంలో 2.5 శాతం పరిమితి పెట్టింది. అక్టోబరులో సీఈఓ జాన్ రిచిటెల్లో తప్పుకున్నారు. 2024 జనవరిలో సుమారు 1,800 మందిని, అంటే సిబ్బందిలో పాతిక శాతాన్ని తొలగిస్తున్నట్టు సంస్థ వెల్లడించింది. చివరకు సరిగ్గా ఏడాదికి, 2024 సెప్టెంబరు 12న, కొత్త సీఈఓ మాథ్యూ బ్రోంబర్గ్ గేముల మీద ఈ రుసుమును పూర్తిగా రద్దు చేశారు. బదులుగా ప్రో, ఎంటర్‌ప్రైజ్ చందాల ధరలు పెరిగాయి. ఉచిత వెర్షన్ వాడకానికి ఉన్న ఆదాయ పరిమితి మాత్రం లక్ష నుంచి 2 లక్షల డాలర్లకు పెరగడం చిన్నవారికి దక్కిన లాభం.

ఉచిత మగ్గానికీ ఖర్చుంది

ఈ గొడవలో అందరి చూపూ గోడో మీద పడింది. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, అరియెల్ మంజూర్ రూపొందించిన ఈ ఇంజిన్ 2014లో ఎంఐటీ లైసెన్సుతో ఓపెన్ సోర్స్ అయింది. రుసుము లేదు, వాటా లేదు, నిబంధనలు వెనక్కి తిప్పే యజమానీ లేడు. 'టెరేరియా' గేము నిర్మాత రీ-లాజిక్ 2023 సెప్టెంబరులో గోడోకు లక్ష డాలర్ల విరాళం ఇచ్చింది.

అయితే విరాళాల మీద నడిచే బండికి తనవైన ఇక్కట్లున్నాయి. మూడో వెర్షన్ 2018 జనవరిలో వస్తే నాలుగోది 2023 మార్చి 1న గానీ రాలేదు. అందులో బొమ్మలు గీసే భాగాన్ని తిరగరాయడంతో పాత గేములు నేరుగా తెరుచుకోవు, కోడ్ మార్చుకోవాలి. పాత గ్రాఫిక్స్ ప్రమాణాన్ని వదిలేయడంతో కొన్ని పాత ఫోన్లు దూరమయ్యాయి. పాత ఫోన్ చేతులు మారుతూ ఏళ్ల తరబడి నడిచే మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. బ్రౌజర్ గేములకూ కష్టమొచ్చింది. నాలుగో వెర్షన్‌తో చేసిన వెబ్ గేము నడవాలంటే సర్వర్‌లో ప్రత్యేక భద్రతా అమరికలు కావాల్సి వచ్చేది. ఆపిల్ పరికరాల్లో మరింత ఇబ్బంది. 2024 ఆగస్టులో వచ్చిన 4.3తో ఆ అవసరం తప్పింది. సీ షార్ప్‌లో రాసిన గేములకు మాత్రం ఆ వెర్షన్‌లోనూ వెబ్ దారి తెరుచుకోలేదు.

సూరత్ లెక్కల్లో అసలు అడ్డంకి వేరే ఉంది. గూగుల్ తన యాడ్‌మాబ్ ప్రకటనల కోసం యూనిటీకి అధికారిక ప్లగిన్ ఇస్తుంది. గోడోకు అలాంటిది లేదు, స్వచ్ఛందంగా రాసినవే దిక్కు. ప్రకటనలే తిండి పెట్టే చోట, ఆ ప్లగిన్ రాసినవారు అలసిపోయి వదిలేస్తే ఆదాయం ఆగుతుంది. ఇంజిన్ ఉచితమని ఒక్కసారిగా అటు దూకమనడం బయట నుంచి చెప్పే సలహా.

మన లిపి సంగతి

తెలుగులో గేము చేద్దామనుకునేవారికి ఇంకో చిక్కుంది. 'స్త్రీ' అన్నది కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం గుర్తు అనే ఆరు సంకేతాల వరుస. వాటిని ఒత్తులుగా, గుణింతంగా కూర్చేందుకు ప్రత్యేక పనిముట్టు కావాలి. ఫోన్లలో, బ్రౌజర్లలో ఎక్కువగా వాడేది హార్ఫ్‌బజ్. గోడో 4 దాన్ని లోపలే ఇముడ్చుకోవడంతో అక్షరాలు సరిగా కూడుతున్నాయి. యూనిటీలో అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రోలో ఆ కూర్పు లేదు. అందుకే కొందరు మాటలను బొమ్మలుగా పెడుతుంటారు. యూనిటీ 6లో హార్ఫ్‌బజ్ ఆధారిత విధానం వచ్చింది గానీ, అది యూఐ టూల్‌కిట్ అనే భాగానికే పరిమితం. ఇది గేములవారి నిర్లక్ష్యమే అనుకోనక్కర లేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'కు సంబంధించిన ఒక సంకేతాల వరుస తెర మీదికి రాగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ హడావుడిగా 11.2.6 నవీకరణ ఇవ్వాల్సి వచ్చింది.

పాత గేముల బరువు

గేము విడుదలయ్యాక పని అయిపోదు. 2019 ఆగస్టు నుంచి గూగుల్ ప్లే 64 బిట్ తప్పనిసరి చేసింది. కొత్త ఆండ్రాయిడ్‌ను లక్ష్యంగా చూపాలన్న గడువు ఏటా పెరుగుతూనే ఉంటుంది. ఆండ్రాయిడ్ 15, ఆపై వెర్షన్లను లక్ష్యంగా చూపే కొత్త యాప్‌లు, నవీకరణలు 16 కేబీ మెమొరీ పేజీలకు అనుగుణంగా ఉండాలంటూ 2025 నవంబరు 1ని గడువుగా పెట్టింది. నాలుగైదేళ్ల కిందటి ఇంజిన్‌తో కట్టిన గేమైతే ముందు ఇంజిన్ మార్చాలి, తర్వాత ప్రకటనల ప్లగిన్ మార్చాలి, ఆపైన ఏం చెడిందో వెతకాలి. ఒక హిట్ గేమున్న పెద్ద కంపెనీకి ఇది ఒకసారి చేసే పని. ఒక్కోటి కొద్దికొద్దిగా సంపాదించే ముప్పై నలభై గేములున్న చిన్న స్టూడియోకు ముప్పై నలభై సార్లు చేయాల్సిన పని.

ఆ గడువుకు నెల ముందే, 2025 అక్టోబరు 2న, యూనిటీ ఒక భద్రతా లోపాన్ని బయటపెట్టింది. 2017.1, ఆ తర్వాతి వెర్షన్లతో ఆండ్రాయిడ్, విండోస్, మ్యాక్, లినక్స్‌లకు తయారైన గేములన్నీ దాని పరిధిలోకి వచ్చాయి. ఎవరూ దుర్వినియోగం చేసిన ఆధారాలు లేవని సంస్థ చెప్పింది. సవరించిన ఇంజిన్‌తో పాటు, అసలు ప్రాజెక్టు ఫైళ్లను తెరవకుండానే తయారైన గేమును సరిచేసే పరికరం కూడా ఇచ్చింది. గేము రాసిన కుర్రాడు ఉద్యోగం మారి, ప్రాజెక్టు ఫైళ్లు ఏ కంప్యూటర్‌లో ఉన్నాయో తెలియని చోట ఆ రెండో దారే పనికొచ్చింది. దానికీ గేముకు సంతకం చేసే కీ ఫైలు, దాని పాస్‌వర్డ్ దగ్గర ఉండాలి.